పైపు వేసిన రోజే పనిచెయ్యాల్సిన ఎంజైమ్

బయోఫిల్మ్‌ని, అంటే బ్యాక్టీరియా గుంపుగా కట్టుకునే జిగురు పొరని, కరిగించే ఎంజైమ్ గురించి ఎక్కడ వార్త కనిపించినా ఎవరో ఒకరు నాకు వాట్సాప్‌లో పంపిస్తారు. ల్యాబ్‌లో కల్చర్ ప్లేట్లు చూసుకునేదాన్ని కదా, నచ్చుతుందని వాళ్ళ ఉద్దేశం. నచ్చుతుంది కూడా, ఎంజైమ్ వరకు. ఆ వార్త రాసిన తీరే చిరాకు తెప్పిస్తుంది. "మొండి ఇన్ఫెక్షన్లకు చెక్" అని హెడ్డింగు, కింద ఆకుపచ్చ రంగు పులిమిన బ్యాక్టీరియా బొమ్మ. చదివినవాళ్ళకి ఏమనిపిస్తుందంటే, నెలల తరబడి ముదిరిన ఇన్ఫెక్షన్ మీద ఈ ఎంజైమ్ పోస్తే చాలు, మొత్తం కరిగి కొట్టుకుపోతుందని. డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్‌ల మీద ఇరవై ఏళ్ళకు పైగా జరిగిన ప్రయోగాలు చదువుతూ వచ్చాక నాకు అర్థమైంది దీనికి దాదాపు వ్యతిరేకం. దీని బలమంతా మొదటి రెండు మూడు రోజుల్లోనే ఉంది. ముదిరాక తెస్తే పని సగమే అవుతుంది, ఒక్కోసారి కీడు కూడా జరుగుతుంది. ఈ ఎంజైమ్‌ని ఇన్ఫెక్షన్ రాకముందు వాడే వస్తువుగా చూడాలి, ఆ దిక్కునే డబ్బు ఖర్చుపెట్టాలి అని నా వాదన. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గానే.

బయోఫిల్మ్ అంటే తెలియనివాళ్ళు ఉండరు, ఆ పేరు తెలియకపోవచ్చు అంతే. పొద్దున లేవగానే పళ్ళ మీద నాలుకకి తగిలే పాచి అదే. 1683లో హాలండ్‌లో లేవెన్‌హుక్ తన పళ్ళ పాచిని గీకి, తను తయారుచేసుకున్న భూతద్దం కింద పెట్టి, అందులో కదులుతున్న జీవాల గురించి లండన్‌కి ఉత్తరం రాశాడు. అయినా ఆ తర్వాత చాలాకాలం మైక్రోబయాలజీ అంతా సీసాలో నీళ్ళలాంటి ద్రవంలో విడివిడిగా ఈదే బ్యాక్టీరియా చుట్టూనే తిరిగింది. బ్యాక్టీరియా ఎక్కువగా బతికేది ఏదో ఒక గోడని పట్టుకుని, జిగురులో గుంపుగా, అని బిల్ కాస్టర్టన్ లాంటివాళ్ళు 1970లలో గట్టిగా చెప్పేదాకా ఆ దృష్టి మారలేదు. యూరిన్ పైపు లోపలి గోడ, డయాలసిస్ పైపు, కృత్రిమ మోకాలు, షుగర్ పుండు, వెంటిలేటర్ గొట్టం, కాంటాక్ట్ లెన్స్ డబ్బా, అన్నీ దానికి ఇళ్ళే.

ల్యాబ్‌లో మాకు ఇది ఎలా ఎదురవుతుందో చెప్తాను. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న పెద్దాయనకి యూరిన్ పైపు ఉంటుంది. జ్వరం. కల్చర్‌కి పంపిస్తారు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వస్తుంది, ఫలానా మందుకు లొంగుతుందని సెన్సిటివిటీ రిపోర్ట్ ఇస్తాం. ఆ మందు పూర్తి కోర్సు వాడతారు, జ్వరం తగ్గుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే బ్యాక్టీరియా, మళ్ళీ అదే మందుకు లొంగుతుందని రిపోర్ట్. ఒకసారి ఒకావిడ కౌంటర్ దగ్గర నిలబడి అడిగారు: "ఏమ్మా, ఈ మందు పనిచేస్తుందని మీరే రాసిచ్చారు కదా, మరి మా ఆయనకి ఎందుకు పనిచెయ్యట్లేదు?" ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. మేం ప్లేటు మీద పరీక్షించేది పాచిలోంచి ఊడి మూత్రంలోకి వచ్చిన బ్యాక్టీరియాని, అదీ కొత్తగా పెంచి. పైపు గోడకి అంటుకుని జిగురులో కూర్చున్న దాని చుట్టాలని మేం చూడనేలేదు. వాటిని చంపాలంటే ఆ మందే పది రెట్లు, కొన్నిసార్లు వెయ్యి రెట్లు కావాల్సి వస్తుంది. అంత మోతాదు మనిషికి ఎక్కించలేం. రిపోర్టులో అబద్ధం లేదు, కానీ అది వేరే ప్రశ్నకి జవాబు. ఆవిడతో మాత్రం "పైపు మార్పించండమ్మా, ముందు పైపు మార్పించండి" అన్నాను, అదే నాకు తెలిసిన మంచి సలహా.

ఇక జిగురు సంగతి. అందులో పిండిపదార్థాల గొలుసులు, ప్రొటీన్లు ఉంటాయని అందరూ అనుకునేవారు, సూడోమోనాస్ విషయంలో ఆల్జినేట్ అనే పాలీసాకరైడ్ మీదే చూపంతా ఉండేది. 2002లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ నుంచి సింథియా విట్‌చర్చ్, జాన్ మాటిక్, వాళ్ళతో డెన్మార్క్ నుంచి టిమ్ టోల్కర్ నీల్సన్ 'సైన్స్' పత్రికలో ఒక చిన్న పేపర్ వేశారు. ఒక్క పేజీ కూడా నిండని ఆ పేపర్ చెప్పింది ఏమిటంటే, సూడోమోనాస్ ఏరుజినోసా బయటికి వదిలే పదార్థంలో ఎక్కువ భాగం డీఎన్‌ఏ. జీవకణం లోపల జాగ్రత్తగా దాచుకోవాల్సిన డీఎన్‌ఏ బయట, జిగురులో, గోడకీ బ్యాక్టీరియాకీ మధ్య ఉంది. దాన్ని కోసే ఎంజైమ్, డీఎన్‌ఏజ్-1, ముందునుంచే కలిపి ఉంచితే బయోఫిల్మ్ కట్టనే లేదు. బ్యాక్టీరియా చావలేదు, పెరగడం ఆగలేదు, పట్టుకోవడమే చేతకాలేదు.

అంత డీఎన్‌ఏ ఎక్కడినుంచి వస్తుంది? కొన్ని బ్యాక్టీరియాలు వాటంతట అవే పగిలిపోతాయి. 2016లో విట్‌చర్చ్ బృందమే దీన్ని మైక్రోస్కోప్ కింద పట్టుకుంది. కర్రలా ఉండే సూడోమోనాస్ కణం ఉన్నట్టుండి గుండ్రంగా మారి, క్షణాల్లో టప్పున పేలిపోతుంది. లోపలున్నదంతా చుట్టుపక్కల చిమ్ముతుంది. ల్యాబ్‌లలో అందరూ వాడే పీఏఓ1 అనే రకం సూడోమోనాస్ జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం, 63 లక్షల అక్షరాల పొడవు. సాగదీస్తే రెండు మిల్లీమీటర్లకు పైనే. కణం పొడవు చూస్తే రెండు మైక్రోమీటర్ల చుట్టుపక్కల. అంటే తన ఒంటి పొడవుకి వెయ్యి రెట్లు పొడవున్న దారం ఒక్కో పేలుడుతో బయటపడుతోంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే మరో బ్యాక్టీరియాలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది, సిడ్ఏ అనే జన్యువుకి అందులో పాత్ర ఉంది. కొన్ని చచ్చి మిగతావాటికి దారం ఇస్తున్నాయి. త్యాగం అని పెద్ద మాటలు అనక్కర్లేదు కానీ, ఏర్పాటు మాత్రం ముచ్చటగా ఉంది.

ఈ దారం చేసే పనిని నేను మట్టిగోడలో కలిపే వరిగడ్డితో పోల్చుకుంటాను. తడిమట్టిని నిలబెట్టేది ఆ గడ్డే. గోడ పచ్చిగా ఉన్నప్పుడు గడ్డి లాగేస్తే కూలుతుంది. ఎండి, పైన ఇంకో పూత, మరో పూత పడ్డాక గడ్డిని ఎన్ని ముక్కలు చేసినా గోడ నిలబడే ఉంటుంది. 2002 పేపర్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే వాక్యం సరిగ్గా ఇదే చెప్తుంది, జనం మాత్రం దాన్ని దాటేసి ముందుకెళ్ళిపోతారు. వాళ్ళు 12 గంటల వయసున్న బయోఫిల్మ్ మీద, 24, 36, 60 గంటల వాటి మీద, చివరగా 84 గంటల దాని మీద డీఎన్‌ఏజ్ పోసి చూశారు. 60 గంటల దాకా కరిగిపోయాయి. 84 గంటల బయోఫిల్మ్ మీద మాత్రం పెద్ద ప్రభావం లేదు. ఒక్క రోజు తేడా. ఆ ఒక్క రోజులో వేరే పదార్థాలు చేరి డీఎన్‌ఏ మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గిపోయి ఉంటుందని వాళ్ళ ఊహ.

ఈ సంఖ్యని గుర్తుపెట్టుకుని ఆస్పత్రికి వెళ్దాం. పేషెంట్‌కి జ్వరం వచ్చి, కల్చర్ పంపి, రిపోర్ట్ వచ్చేసరికి పాచి వయసు ఎంత? మూడున్నర రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. యూరిన్ పైపు ఉన్నవాళ్ళకి మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకి సుమారు 3 నుంచి 7 శాతం, నెల తిరిగేసరికి దాదాపు అందరికీ చేరిపోతుంది. అంటే రోగం కనిపించే సమయం, ఎంజైమ్ బాగా పనిచేసే సమయం రెండూ ఒకదానికొకటి తగలవు. గాజు ఛాంబర్‌లో 24 గంటల బయోఫిల్మ్‌ని కరిగించి "మొండి ఇన్ఫెక్షన్లకు చెక్" అని రాయడంలో తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోంది కదా.

తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ అనుమానాన్ని ఇంకా గట్టిపరిచాయి. అమెరికాలో ఒహాయోలోని స్టీవెన్ గుడ్‌మన్, లారెన్ బకలెట్జ్‌ల బృందం ఈ డీఎన్‌ఏ దారాలు ఒకదానికొకటి అడ్డంగా కలిసేచోట కొన్ని బ్యాక్టీరియా ప్రొటీన్లు ముడివేసి పట్టుకుంటాయని చూపించింది. ఆ ముడుల్ని యాంటీబాడీలతో లాగేస్తే బయోఫిల్మ్ కూలుతుంది. అదే బృందం 2021లో మరో సంగతి బయటపెట్టింది. పాచి ముదిరేకొద్దీ అందులోని డీఎన్‌ఏ మామూలుగా కుడివైపు మెలితిరిగే రూపం వదిలేసి, ఎడమవైపు మెలితిరిగే జడ్-డీఎన్‌ఏ రూపంలోకి మారుతుందట. డీఎన్‌ఏజ్ కత్తెరకి ఆ రూపం పట్టు చిక్కదు. కోయాల్సిన వస్తువు కళ్ళముందే ఉంటుంది, కోయడం కుదరదు.

ఇంకా ఉంది. చీములో చచ్చిన తెల్లరక్తకణాల నుంచి ఆక్టిన్ అనే ప్రొటీన్ బయటికొస్తుంది, అది మన డీఎన్‌ఏజ్-1ని గట్టిగా పట్టేసుకుని పనిచెయ్యనివ్వదు. అంటే ఇన్ఫెక్షన్ ఎంత ముదిరి చీము పడితే ఎంజైమ్‌కి అన్ని సంకెళ్ళు. ఆక్టిన్‌కి చిక్కని రకాలని జన్యుమార్పుతో తయారుచేశారు, అది వేరే సంగతి.

అసలు భయపడాల్సింది మాత్రం ఎంజైమ్ పనిచెయ్యకపోవడం గురించి కాదు. బాగా పనిచేస్తే? ముదిరిన పాచిని ఒక్కసారిగా విడగొడితే అందులోని కోట్ల బ్యాక్టీరియా ఎక్కడికి పోతాయి? 2018లో టెక్సస్‌లో డెరెక్ ఫ్లెమింగ్, కేంద్రా రంబా ఎలుకల పుండ్ల మీద ఇదే చేసి చూశారు. వాళ్ళు వాడింది డీఎన్‌ఏజ్ కాదు, జిగురులోని పిండిపదార్థాల్ని కోసే ఎంజైమ్‌లు. పుండులోని సూడోమోనాస్ బయోఫిల్మ్ విడిపోయింది, బ్యాక్టీరియా రక్తంలోకి చేరి ఎలుకలకి ప్రాణాంతకమైన సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకే స్థితి, వచ్చింది. యాంటీబయాటిక్ కూడా కలిపి ఇచ్చినప్పుడు ఆ ప్రమాదాన్ని ఆపగలిగారు. కత్తెర ఏదైనా తర్కం ఒకటే. లక్షలమందిని ఒక్కసారిగా వీధిలోకి వదిలేముందు పోలీసు బందోబస్తు చూసుకోవాలి కదా. ముదరకముందైతే అక్కడ ఉన్నవే కొద్ది, ఊడినవి మూత్రంతో పోతాయి, లేదా మన తెల్లరక్తకణాలు మింగేస్తాయి.

తెల్లరక్తకణాలంటే గుర్తొచ్చింది. 2004లో బెర్లిన్‌లో ఆర్తురో జిక్లిన్‌స్కీ బృందం కనిపెట్టిన ప్రకారం, న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్లరక్తకణాలు కూడా తమ డీఎన్‌ఏని వలలా బయటికి విసిరి బ్యాక్టీరియాని పట్టుకుంటాయి. గొంతునొప్పి తెప్పించే గ్రూప్-ఏ స్ట్రెప్టోకాకస్ ఏం చేస్తుందంటే, తన సొంత డీఎన్‌ఏజ్ వదిలి ఆ వలని కోసుకుని బయటపడుతుంది. మనం మందుగా వాడదామనుకుంటున్న కత్తెర బ్యాక్టీరియా చేతిలో ఎప్పటినుంచో ఉంది. కాబట్టి ఎర్రగా వాచి, న్యూట్రోఫిల్స్ ముట్టడించిన చోట డీఎన్‌ఏజ్ గుమ్మరిస్తే మన వలలు కూడా తెగుతాయా అని అడగాల్సిందే. బ్యాక్టీరియా ఇంకా రాని పైపు గోడ మీద ఈ చిక్కు లేదు, అక్కడ వలలే ఉండవు.

మరి అందరూ దీన్ని ఇన్ఫెక్షన్ వచ్చాక ఇచ్చే మందుగానే ఎందుకు ఊహిస్తారు? నాకు తోచిన కారణం చరిత్ర. డీఎన్‌ఏజ్ వైద్యంలోకి వచ్చిందే చీము, కఫం పలచన చేసే వస్తువుగా. అంతకుముందు 1944లో ఏవరీ, మక్లియోడ్, మకార్టీ న్యుమోనియా బ్యాక్టీరియాని మార్చే పదార్థం డీఎన్‌ఏ అని రుజువు చెయ్యడానికి డీఎన్‌ఏని పాడుచేసే ఎంజైమ్‌లు వాడారు, అది వైద్యం కాదు. 1949లో టిలెట్, షెర్రీ న్యూయార్క్‌లో ఊపిరితిత్తుల చుట్టూ గడ్డకట్టిన రక్తం, చీము ఉన్న పేషెంట్లకి స్ట్రెప్టోకాకస్ నుంచి తీసిన ఎంజైమ్‌లు ఎక్కించి అది ద్రవంగా మారడం చూపించారు. అందులో ఒకటి స్ట్రెప్టోడోర్నేజ్, అదే పైన చెప్పిన స్ట్రెప్టోకాకస్ కత్తెర. 1958లో అమెరికాలో ఆవు క్లోమం నుంచి తీసిన డీఎన్‌ఏజ్‌ని కఫానికి మందుగా అనుమతించారు, కొందరికి ఊపిరి బిగుసుకుపోవడంతో అది నిలవలేదు. తర్వాత మనిషి జన్యువునే హ్యామ్‌స్టర్ కణాల్లో పెట్టి తయారుచేసిన డోర్నేజ్ ఆల్ఫా వచ్చింది, 1993 డిసెంబర్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే, పుట్టుకతో వచ్చే జబ్బు) పేషెంట్లకి అమెరికాలో అనుమతి దొరికింది. రోజుకి 2.5 మిల్లీగ్రాములు నెబ్యులైజర్‌తో పీల్చాలి. 968 మంది మీద 24 వారాలు జరిగిన ట్రయల్‌లో రోజుకోసారి పీల్చినవాళ్ళకి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ముదిరే ప్రమాదం 28 శాతం తగ్గింది. మంచి మందు, అందులో అనుమానం లేదు. కానీ అక్కడ కఫాన్ని చిక్కగా చేసేది ఎక్కువగా మన న్యూట్రోఫిల్స్ డీఎన్‌ఏ, బ్యాక్టీరియా కట్టుకున్న గోడ కాదు.

2011లో ఊపిరితిత్తుల చుట్టూ చీము పట్టిన 210 మంది మీద జరిగిన బ్రిటిష్ ట్రయల్ కూడా ఆలోచింపజేస్తుంది. డీఎన్‌ఏజ్ ఒక్కటే ఇస్తే లాభం లేదు, రక్తపుగడ్డ కరిగించే టీపీఏ ఒక్కటే ఇచ్చినా లేదు. రెండూ కలిపి ఇస్తేనే ద్రవం బయటికొచ్చింది, ఆపరేషన్ అవసరం తగ్గింది. ముదిరిన చోట ఒంటరి కత్తెర చాలదని దీనికంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు మన దగ్గరి సంగతి, నాకు బాగా మంట పుట్టించేది. 2012లో జెఫ్రీ కప్లాన్ బృందం స్టాఫిలోకాకస్ ఆరియస్‌కి చంపేంత మోతాదు కాకుండా తక్కువ మోతాదులో పెన్సిలిన్ కుటుంబం యాంటీబయాటిక్‌లు ఇచ్చి చూసింది. కొన్ని రకాల్లో బ్యాక్టీరియా ఎక్కువ డీఎన్‌ఏ బయటికి వదిలి, బయోఫిల్మ్ పది రెట్ల దాకా ఎక్కువ కట్టింది. చావకుండా కాస్త దెబ్బతిన్న కణాలు కొన్ని పగిలి, మిగతావాటికి దారం అందిస్తున్నాయన్నమాట. మన ఊళ్ళలో ఇది ల్యాబ్ ప్రయోగం కాదు, రోజువారీ వ్యవహారం. మెడికల్ షాపుకెళ్ళి "అన్నా, జొరానికి రెండు గోళీలు ఇయ్యి" అంటే ఏ యాంటీబయాటిక్ చేతికొస్తుందో చెప్పలేం. ఆర్‌ఎంపీ డాక్టర్ ఒక ఇంజెక్షన్ పొడిచి పంపిస్తాడు, తగ్గితే కోర్సు అక్కడితో ఆగిపోతుంది. అరకొర మోతాదు బ్యాక్టీరియాకి రెసిస్టెన్స్ నేర్పుతుందని అందరం వినేదే, జిగురు కట్టడం కూడా నేర్పించవచ్చని ఎవరూ చెప్పరు. పైగా ఆ డీఎన్‌ఏ తన చుట్టూ ఉన్న మెగ్నీషియాన్ని లాగేసుకుని, సూడోమోనాస్‌ని కొన్ని యాంటీబయాటిక్‌లకి ఇంకా మొండిగా తయారుచేస్తుందని 2008లోనే కెనడావాళ్ళు చూపించారు.

చంపే మందు ప్రతిదీ మొండివాటిని ఏరి మిగులుస్తుంది. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. ఆ మందు మింగిన పేషెంట్ రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అలాంటి గడ్డ మీద బతుకుతూ, చంపకుండా అడ్డుకునే పద్ధతుల మీద మనకి ఆసక్తి లేకపోతే ఎలా? డీఎన్‌ఏజ్ బతికున్న బ్యాక్టీరియా లోపలికి వెళ్ళదు, బయట పడున్న దారాన్నే కోస్తుంది, కాబట్టి చంపే మందుల్లా మొండివాటిని ఏరే ఒత్తిడి తక్కువని నా అభిప్రాయం. అసలు ఉండదని మాత్రం అనను. డీఎన్‌ఏ వదిలేసి వేరే జిగురు మీద ఆధారపడే రకాలు పైకి రావచ్చు.

ఆ వేరే జిగురు సంగతి ఊహ కూడా కాదు. కప్లాన్ బృందమే 2008లో రెండు స్టాఫిలోకాకస్ చుట్టాలని పక్కపక్కన పెట్టి చూసింది. ఆరియస్ కట్టిన బయోఫిల్మ్‌ని డీఎన్‌ఏజ్ విడగొట్టింది, డిస్పర్సిన్-బీ అనే పిండిపదార్థాన్ని కోసే ఎంజైమ్ విడగొట్టలేదు. ఎపిడెర్మిడిస్ బయోఫిల్మ్ విషయంలో సరిగ్గా తలకిందులు. పైపుల మీద ఈ రెండూ కనిపిస్తాయి, ఎవరు ముందు ఎక్కుతారో మనకి తెలియదు. కాబట్టి ఒక్క ఎంజైమ్‌తో అన్నీ ఆగిపోతాయని నేను అనను, అన్నవాళ్ళని నమ్మకండి.

నివారణ అంటే మరి పైపుకి పూత పూస్తే సరి కదా? ఆలోచన బాగుంది, చేశారు కూడా. 2013లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వాళ్ళు ఎముకల సిమెంట్‌లో, కట్టుడు పళ్ళలో వాడే పీఎమ్ఎమ్ఏ అనే ప్లాస్టిక్ మీద డోపమిన్ పొర వేసి, దాని మీద డీఎన్‌ఏజ్ అతికించారు. స్టాఫిలోకాకస్, సూడోమోనాస్ రెండూ అంటుకోవడం బాగా తగ్గింది, మనిషి కణాలకి ఇబ్బంది రాలేదు. కానీ బయోఫిల్మ్‌ని ఆపగలిగింది 14 గంటల వరకు. ఎంజైమ్ ప్రొటీన్ కదా, శరీరం వేడిలో, మూత్రంలో, రక్తంలో నానుతూ నెలల తరబడి పనిచెయ్యమంటే చెయ్యదు. పూత మీద వేరే ప్రొటీన్లు వచ్చి పేరుకుంటాయి కూడా.

పూతల మీద ఇంకో చేదు అనుభవం ఉంది. వెండి పూసిన యూరిన్ పైపులు ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేశాయి, ఆస్పత్రులు ఎక్కువ డబ్బిచ్చి కొన్నాయి. బ్రిటన్‌లో 24 ఆస్పత్రుల్లో 7,102 మంది మీద ట్రయల్ చేసి 2012లో ఫలితాలు చెప్తే, లక్షణాలున్న ఇన్ఫెక్షన్లు తగ్గించడంలో వెండి పైపు వల్ల లాభం కనిపించలేదు. ప్లేటు మీద గెలిచిందల్లా వార్డులో గెలవదు. నేను ఎంతో ముచ్చటపడే ఈ ఎంజైమ్‌కీ అదే పరీక్ష పెట్టాలి, మొహమాటం లేకుండా. ఇంకోమాట, యూరిన్ పైపు ఇన్ఫెక్షన్ తగ్గించడానికి అందరికంటే చవకైన దారి అవసరం లేని పైపు వెయ్యకపోవడం, వేసినదాన్ని వీలైనంత త్వరగా తియ్యడం. మంచం మీదున్న మనిషిని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళే ఓపిక లేక పైపు అలాగే ఉంచేసే ఇళ్ళు, వార్డులు నేను చాలా చూశాను. అక్కడ ఎంజైమ్ గురించి మాట్లాడటం దండగ.

నాకు ఆశ ఉన్నది డయాలసిస్ పైపు దగ్గర. మన దగ్గర చాలామంది చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రెండు రక్తనాళాల్ని కలిపి చేసే దారి) తయారు కాకముందే మెడ దగ్గర వేసిన పైపుతో డయాలసిస్ మొదలుపెడతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అక్కడ ఊరూరా కిడ్నీ పేషెంట్లే. ఆ పైపు నేరుగా పెద్ద రక్తనాళంలో ఉంటుంది, పాచి పట్టిందంటే ఇన్ఫెక్షన్ సూటిగా రక్తంలోకే. అయితే ఈ పైపుకి ఒక సౌకర్యం ఉంది. ఒక డయాలసిస్‌కీ మరో డయాలసిస్‌కీ మధ్య అందులో రక్తం గడ్డకట్టకుండా ద్రవం నింపి మూత పెడతారు, దాన్నే లాక్ అంటారు. తర్వాతిసారి ఆ ద్రవం తీసేసి, పని అయ్యాక మళ్ళీ కొత్తది నింపుతారు. వారానికి రెండు మూడుసార్లు. పూత 14 గంటలే ఉంటుందన్న బాధ ఇక్కడ తేలికవుతుంది, ఎంజైమ్‌ని ప్రతిసారీ తాజాగా పొయ్యొచ్చు. వారానికి మూడుసార్లు చేయించుకుంటే రెండు డయాలసిస్‌ల మధ్య దూరం 48 నుంచి 72 గంటలు. 60 గంటల వయసు దాకా బయోఫిల్మ్‌ని డీఎన్‌ఏజ్ కరిగించిందన్న ఆ 2002 లెక్కని దీని పక్కన పెట్టి చూడండి.

ఇది గాలిలో మేడ కాదనడానికి ఒక ఆధారం కూడా ఉంది. కెనడాలో 225 మంది డయాలసిస్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. సగంమందికి ఎప్పటిలాగే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) లాక్. మిగతావాళ్ళకి వారంలో ఒక్కసారి హెపారిన్ బదులు టీపీఏ, అంటే రక్తపుగడ్డని కరిగించే ఎంజైమ్. హెపారిన్ గుంపులో రక్తంలో బ్యాక్టీరియా చేరినవాళ్ళు 13 శాతం, టీపీఏ గుంపులో 4.5 శాతం. అది బ్యాక్టీరియాని చంపే మందు కాదు, దాని డీఎన్‌ఏని కోసేది కూడా కాదు. బ్యాక్టీరియా పట్టుకోవడానికి పనికొచ్చే ఫైబ్రిన్‌ని, అంటే రక్తపుగడ్డలోని ప్రొటీన్ దారాల్ని, ముందుగానే తీసేసింది అంతే, అని నేను అర్థం చేసుకున్నాను. పైపులో కూర్చున్న ఎంజైమ్ మనుషుల్లో ఇన్ఫెక్షన్‌ని తగ్గించగలదని దీంతో తెలిసింది.

డీఎన్‌ఏజ్‌తో అలాంటి ట్రయల్ చెయ్యాలంటే చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఈ ఎంజైమ్‌కి కాల్షియం, మెగ్నీషియం కావాలి. చాలా చోట్ల లాక్‌లో వాడే సిట్రేట్, ఈడీటీఏ సరిగ్గా ఆ రెండింటినే లాగేస్తాయి, కాబట్టి వాటితో కలిపితే డబ్బు దండగ. లాక్ ద్రవం కొంత రక్తంలోకి జారుతుంది, ఆ మోతాదు ప్రమాదం కాదని ముందే తేల్చాలి. ఎపిడెర్మిడిస్ కోసం డిస్పర్సిన్ లాంటి రెండో కత్తెర కలపాల్సి రావచ్చు. ఇక ధర. హ్యామ్‌స్టర్ కణాల్లో పెంచే డోర్నేజ్ ఆల్ఫా ఆరోగ్యశ్రీ మీద డయాలసిస్ చేయించుకునే మనిషికి వారానికి మూడుసార్లు పోసేంత చవక కాదు. కానీ డీఎన్‌ఏజ్ తయారుచెయ్యడానికి హ్యామ్‌స్టర్ ఒక్కటే దారి కాదు. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ యూనివర్సిటీవాళ్ళు సముద్రపు నాచు మీద దొరికిన బాసిల్లస్ లైకెనిఫార్మిస్ తనంతట తానే వదిలే న్యూక్-బీ అనే డీఎన్‌ఏజ్ బయోఫిల్మ్‌ని విడగొడుతుందని 2010లో చూపించారు. బాసిల్లస్ జాతిని పెద్ద ట్యాంకుల్లో పెంచి ఎంజైమ్‌లు తియ్యడం బట్టల సబ్బు పౌడర్ పరిశ్రమకి దశాబ్దాలుగా అలవాటైన పని. శరీరంలోకి వెళ్ళే మందు స్థాయిలో దాన్ని శుద్ధిచెయ్యడం, బ్యాక్టీరియా ప్రొటీన్ కాబట్టి ఒంటికి పడుతుందో లేదో చూడటం వేరే పని, అదీ చిన్నదేం కాదు. వ్యాక్సిన్లు, ఇన్సులిన్, బయోసిమిలర్లు తయారుచేసే దేశానికి చేతకాని పని మాత్రం కాదు. మొదటి ట్రయల్‌కి పేషెంట్లని ఎంచుకోవాలంటే నేనైతే మెడ పైపు కొత్తగా వేసినవాళ్ళనే తీసుకుంటాను, మొదటి లాక్ నుంచే. పాత పైపుతో నెలలు గడిపినవాళ్ళని అందులో కలపొద్దు. కలిపితే ఫలితం ఏమొస్తుందో 84 గంటల ఛాంబర్ ఎప్పుడో చెప్పేసింది.